విత్తనం కన్నా ముందు ఎండుటాకు

మాఘం వెళ్ళి ఫాల్గుణం వచ్చేసరికి విజయనగరం, శ్రీకాకుళం వీధుల్లో వేప, బాదం, రావి, టేకు ఆకులు రాలి గుట్టలు పడతాయి. పొద్దున్నే ఊడ్చి, ఓ మూలకి చేర్చి, అగ్గిపుల్ల గీసేస్తాం. అవే ఇళ్ళలో జూన్‌లో తొలకరి పడగానే గ్రో బ్యాగులు, కొబ్బరిపొట్టు ఇటుకలు, ‘ఆర్గానిక్’ అని రాసిన సీసాలు దిగుతాయి. ఆగస్టుకి మొక్క పాలిపోతుంది. దసరా నాటికి బ్యాగులు డాబా మీద ఖాళీగా పడి ఉంటాయి. ఆ తర్వాత వినిపించే మాట ఒకటే: మందులు లేకుండా కూరగాయలు పండవండీ.

పండుతాయి. కాకపోతే పని మొదలుపెట్టే నెల వేరు. ఇంటి సేంద్రియ తోట మృగశిర కార్తెలో మొదలవదు, ఆకు రాలే ఫాల్గుణంలో మొదలవుతుంది. మార్చిలో పోగేసిన ఆకు జూన్‌కి ఎరువై చేతికొస్తుంది. అది లేకుండా ఎంత మంచి విత్తనం వేసినా, ఎన్ని కషాయాలు పోసినా ఫలితం రెండు నెలలకి మించి నిలవదని నా గట్టి నమ్మకం. ఎందుకో చెబుతాను.

మన దగ్గర ఎక్కువ భాగం ఎర్ర గరువు (మెట్ట) నేలలు. సముద్రం వైపు ఉద్దానంలోకి వెళ్తే ఇసుక నేలలు. రెండింటికీ నీటినీ పోషకాలనీ పట్టి ఉంచే శక్తి తక్కువ. పైగా ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైన పడే వానలో చాలా భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే కురుస్తుంది. నీళ్ళలో కరిగే నత్రజని ఏదైనా సరే, రెండు గట్టి వానలకి వేళ్ళ కిందకి దిగిపోతుంది. వేసవిలోనేమో ఎండ నేలలోని సేంద్రియ పదార్థాన్ని తొందరగా హరించేస్తుంది. ఈ నేలకి ఏడాదికోసారి దండిగా తిండి పెట్టాలి, పైన కప్పు వేయాలి. ఈ రెండూ జరిగితే మిగతావన్నీ చిన్న పనులు.

ఇక్కడ చాలామందికి జీవామృతం గుర్తొస్తుంది. మన రాష్ట్రంలో 2016 నుంచి ప్రకృతి వ్యవసాయం పెద్ద ఎత్తున ఊళ్ళలోకి వెళ్ళింది కాబట్టి, డ్రమ్ము కలిపే విద్య అందరికీ తెలుసు. ఆ పద్ధతి మీద నాకు గౌరవం ఉంది. అందుకే దాన్ని సగం మాత్రమే పట్టుకోవడం బాధ కలిగిస్తుంది. లెక్క చూడండి. ఎకరానికి 200 లీటర్ల నీళ్ళు, 10 కిలోల పేడ, 10 లీటర్ల దాకా మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మన్ను. పేడలో నత్రజని అర శాతం, మూత్రంలో ఒక శాతం, పిండిలో మూడున్నర శాతం వేసుకున్నా మొత్తం కలిపి పావు కిలోకి అటూ ఇటూగా తేలుతుంది. ఎకరం వంగతోటకి సాధారణంగా సిఫారసు చేసే నత్రజని 40 కిలోలు. అంటే జీవామృతం తిండి కాదు. అది సూక్ష్మజీవుల తోడు. తోడు వేయడానికి పాలుండాలి కదా. నేలలో సేంద్రియ పదార్థం లేనప్పుడు ఆ సూక్ష్మజీవులు దేన్ని తిని బతుకుతాయి?

ఈ పద్ధతిని ప్రచారంలోకి తెచ్చిన సుభాష్ పాలేకర్ చెప్పిన నాలుగు చక్రాలు బీజామృతం (విత్తనశుద్ధి ద్రావణం), జీవామృతం, ఆచ్ఛాదన, వాపస (నేలలో గాలి, తేమ రెండూ ఉండటం). ఆచ్ఛాదన అంటే నేలని కప్పి ఉంచడం. మనం డ్రమ్ము ఉంచుకుని కప్పుని వదిలేశాం. వీధి చివర తగలబెట్టే పాతిక ముప్పై కిలోల ఎండుటాకులో ఉండే నత్రజని, ఎకరానికి కలిపే ఆ జీవామృతంలో ఉన్నదానికి దాదాపు సమానం. ఆకులోది నెమ్మదిగా విడుదలవుతుంది, నిజమే. మన వానలకి ఆ నెమ్మదే మేలు. కాలిస్తే నత్రజని, కర్బనం రెండూ పొగైపోతాయి, మిగిలేది కాస్త బూడిద.

ఇక కుప్ప సంగతి. కొలతలు తప్పితే కుప్ప పని చేయదు, కాబట్టి దీన్ని వివరంగా చెప్పాలి. 3 అడుగుల ఎత్తున్న కోడి జాలీ 10 అడుగుల పొడవు కొని గుండ్రంగా చుట్టి తీగతో కట్టేస్తే మూడడుగుల వెడల్పు తొట్టె తయారవుతుంది. ఇంతకన్నా చిన్నదైతే లోపల వేడి నిలవదు, కుళ్ళుతుందే తప్ప ఉడకదు. చెట్టు నీడలో, గోడకి మూడడుగుల దూరంలో, మట్టి నేల మీద పెట్టండి. అడుగున నాలుగంగుళాల మందాన పుల్లలు, కొబ్బరి మట్టల ముక్కలు పరవాలి. గాలి పైకి వెళ్ళేది అటునుంచే.

ఎండుటాకుని ముందు రోజు రాత్రి గోనెసంచిలో కుక్కి నీళ్ళలో నానబెట్టాలి. పొడి ఆకు మీద నీళ్ళు పోస్తే జారిపోతాయి, లోపలికి ఇంకవు. బాదం, మామిడి, జీడి, పనస ఆకులు తోలులా మందంగా ఉంటాయి. ముక్కలు చేయకుండా వేస్తే ఒకదానిమీద ఒకటి అట్టల్లా అంటుకుని గాలిని ఆపేస్తాయి. నానబెట్టక ముందే సంచిలో వేసి కర్రతో బాదినా, కాళ్ళతో తొక్కినా చాలు, సగానికి విరిగితే సరిపోతుంది. ఆరంగుళాల ఆకు, దాని మీద రెండంగుళాల వంటింటి చెత్త లేదా పచ్చి ఆకు, దాని మీద కిలో పేడని ఐదు లీటర్ల నీళ్ళలో కలిపిన ద్రావణం. మళ్ళీ ఆకు. ఇలా జాలీ నిండేదాకా వరసలు వేయాలి. మొత్తానికి పరిమాణంలో మూడు వంతుల ఎండుటాకుకి ఒక వంతు పచ్చిది. పేడ దొరకని పట్నంలో గ్లిరిసిడియా, కానుగ, మునగ రొట్టలు, కోసిన గడ్డి ఆ లోటు తీరుస్తాయి. పైన తడి గోనె కప్పండి.

మూడో రోజో నాలుగో రోజో నడి కుప్పలోకి ఇనుప చువ్వ దింపి ఐదు నిమిషాలాగి తీయండి. చేత్తో పట్టుకోలేనంత వేడిగా ఉంటే 55 డిగ్రీలు దాటినట్టు. కలుపు గింజలు, తెగుళ్ళ బీజాలు ఎక్కువ భాగం ఆ వేడికే చస్తాయి. పది రోజులకి వేడి తగ్గుతుంది. అప్పుడు జాలీ విప్పి పక్కన నిలబెట్టి, అంచుల్లోది మధ్యకి, మధ్యలోది అంచులకి వచ్చేలా తిరిగి నింపాలి. ఇలా మూడుసార్లు తిరగేస్తే తొంభై నుంచి వంద రోజుల్లో ఎరువు తయారవుతుంది.

తేమ చూడటానికి యంత్రం అక్కర్లేదు. కుప్ప లోపల్నుంచి ఒక పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ళ సందుల్లో ఒకటి రెండు చుక్కలు మెరిస్తే సరిగ్గా ఉంది. ధార కడితే నీళ్ళెక్కువ, గాలి ఆడక కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. పొడి ఆకు కలిపి వెంటనే తిరగేయాలి. పిడికిలి తెరవగానే రాలిపోతే నీళ్ళు చాలలేదు, ఇంక చీమలు పుట్ట పెడతాయి. మన ఏప్రిల్, మే ఎండలకి ఎక్కువగా జరిగేది ఇదే కాబట్టి మూడు నాలుగు రోజులకోసారి తడపక తప్పదు. ముక్కు మండించే ఘాటు వస్తే పచ్చిది, పేడ ఎక్కువైనట్టు. దానికీ మందు ఎండుటాకే.

తిరగేసేటప్పుడు బొటనవేలంత లావున, తెల్లగా, కొక్కెంలా ముడుచుకుని ఉన్న పురుగులు కనిపిస్తే ఊరికే వదలకండి. కొబ్బరిని మొవ్వులో తొలిచే కొమ్ము పురుగు పిల్లలు పెరిగేది గత్తం (పేడ ఎరువు) కుప్పల్లోనే. ఉద్దానం చుట్టుపక్కల ఊళ్ళలో కొబ్బరి మొవ్వాకులు కత్తెరతో కత్తిరించినట్టు కనిపించడానికి ఆ పెద్ద పురుగే కారణం. ఏరి చంపేయాలి. నెలల తరబడి కదపని గత్తం గుంటలోనే ఇవి హాయిగా పెరుగుతాయి. పది రోజులకోసారి తిరగేసే వేడి కుప్పలో వీటికి నిలవడం కష్టం.

పాములొస్తాయి, చెద పడుతుంది అని పెద్దవాళ్ళు భయపడటం సహజం. చెద వచ్చేది పొడిగా, కదలకుండా పడి ఉన్న కట్టెలకి, ఆకులకి. తడి తడిగా తిరగేసే కుప్పని అది అంతగా ఇష్టపడదు. పాము వచ్చేది ఎలుకల కోసం, ఎలుక వచ్చేది అన్నం, రొట్టెల కోసం. వండిన పదార్థాలు కుప్పలో వేయకపోతే ఆ గొలుసే తెగిపోతుంది. చేప తలలు, రొయ్య పొట్టు మాత్రం మంచి నత్రజని. అవి వేయాలనుకుంటే కుప్ప బాగా వేడెక్కి ఉన్నప్పుడు నడిమధ్య అడుగు లోతున కప్పెట్టాలి, లేకపోతే వీధి కుక్కలు జాలీ లాగేస్తాయి.

మన ప్రాంతంలో చవకగా దొరికేవాటిలో కొన్ని వరాలు, కొన్ని ముళ్ళు. పలాస, కాశీబుగ్గ వైపు జీడి పిక్కల పెంకులు బస్తాలుగా దొరుకుతాయి. పచ్చివి తోటలో వేయొద్దు. వాటిలో చేతిని కాల్చే జీడి నూనె ఉంటుంది, వానపాములకీ అది విషమే. కొబ్బరిపొట్టు నీటిని బాగా పట్టి ఉంచుతుంది కానీ పోషకం దాదాపు సున్నా, పైగా ఉప్పు ఉంటుంది. మూడుసార్లు మంచినీళ్ళలో నానబెట్టి పిండాకే వాడాలి, అదీ మిశ్రమంలో మూడో వంతు మించకుండా. రైసుమిల్లుల ఊక బూడిద పొటాష్‌కి మంచిదే. కానీ అది క్షారం కాబట్టి మొక్కకి గుప్పెడు దాటొద్దు. ఇసుక నేలవాళ్ళకి అన్నిటికన్నా విలువైనది చెరువు మట్టి. వేసవిలో పూడిక తీసినప్పుడు తెచ్చి, ఎండబెట్టి, గడ్డలు చితక్కొట్టి మడి మీద అంగుళం మందాన కలిపితే ఎరువు అక్కడ నిలుస్తుంది. పట్నం మురుగు కలిసే చెరువుదైతే మాత్రం వద్దు.

ఎరువు తయారైందో లేదో పెసలు చెబుతాయి. చిన్న గిన్నెలో ఎరువు నింపి పది గింజలు నాటండి. నాలుగైదు రోజుల్లో ఎనిమిదైనా పచ్చగా లేస్తే వాడుకోవచ్చు. మొలక పసుపు తిరిగినా, వేరు కొన మాడినా ఇంకో మూడు వారాలు ఆగాలి. పచ్చి ఎరువు వేస్తే అది చివికే పనిలో నేలలోని నత్రజనినే లాక్కుంటుంది. జూలైలో చాలా ఇళ్ళలో మొక్కలు పాలిపోవడానికి ఇదొక పెద్ద కారణం.

ఒక జాలీ కుప్ప చివరికి మూడో వంతుకి దిగి, 200 లీటర్ల పైచిలుకు ఎరువు ఇస్తుంది. 10 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు మడికి రెండంగుళాల మందం వేస్తే దాదాపు 190 లీటర్లు పడుతుంది. అంటే ఒక కుప్ప, ఒక మడి. మొదటి ఏడు అంతకు మించి ఆశ పడొద్దు. రెండు వైపుల నుంచీ చేయి అందాలి కాబట్టి వెడల్పు నాలుగడుగులు దాటకూడదు. రోజుకి ఆరు గంటల ఎండ తప్పనిసరి. గరువు నేలలో అడుగు లోతు తవ్వి, ఎరువుని పై ఆరంగుళాల్లో కలిపి, మడిని చుట్టూ నేలకన్నా అరడుగు ఎత్తు చేయాలి, వాన నీళ్ళు పోవడానికి కాలవ వదలాలి. ఇసుక నేలలో ఒకేసారి అంతా వేయడం వృథా. సగం నాటేముందు, మిగతాది నెలకోసారి మొక్కల మొదళ్ళ చుట్టూ వేస్తే వానకి కొట్టుకుపోదు. వేపపిండి మడికి అరకిలో కలపండి. ఇసుక నేలల్లో వేళ్ళ మీద బుడిపెలు కట్టించే నులిపురుగుల్ని అది అదుపులో ఉంచుతుంది.

డాబా వాళ్ళకి రెండు మాటలు. ఎర్రమట్టి, ఎరువు, కడిగిన కొబ్బరిపొట్టు సమపాళ్ళలో. వంగకి, టమాటాకి 20 లీటర్ల కుండీ, ఆనపకి 50 లీటర్లకి తగ్గకుండా. తడిసిన మిశ్రమం లీటరు కిలోకి పైనే తూగుతుంది కాబట్టి పెద్ద కుండీలు గోడల మీదుగా, దూలాల మీదుగా పెట్టుకోవాలి. ఫిల్టరు మిషను వదిలేసే నీళ్ళు మొక్కలకి పోయొద్దు, ఉప్పు పేరుకుంటుంది.

నాటిన వారానికి మూడంగుళాల మందాన ఎండుటాకు, వరిగడ్డి కప్పండి, మొదలు చుట్టూ రెండంగుళాలు వదిలి. మొదలుకి ఆనించి కప్పితే కాండం కుళ్ళుతుంది. ముసురు పట్టిన వారం కప్పుని పక్కకి లాగాలి, నత్తలు దాని కిందే దాక్కుంటాయి. రాత్రి టార్చి వేసి ఏరి ఉప్పునీళ్ళ బకెట్లో వేయడమే మార్గం. ఉప్పుని మాత్రం మడి మీద చల్లొద్దు.

ఏ పంట ఎప్పుడు అన్నదానిలో మన ప్రాంతానికి ఒక ప్రత్యేకమైన లెక్క ఉంది: తుపాను. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. 2021 సెప్టెంబరు 26న గులాబ్ కళింగపట్నం దగ్గర దాటింది. అందుకే పందిరి పంటల్ని రెండు భాగాలు చేయాలని నా సలహా. బీర, ఆనప, పొట్ల జూన్ మొదట్లో పెట్టి సెప్టెంబరు నడుమకి ముగించేయాలి. రెండో దఫా అక్టోబరు చివర విత్తాలి. చిక్కుడు మాత్రం జూలై, ఆగస్టులోనే పెట్టాలి. నాటు చిక్కుడు పగలు కురచయ్యాకే పూస్తుంది కాబట్టి దాన్ని తుపానుల ముందు చిన్న తీగగానే ఉంచి, పందిరి కింది వరసలోనే పాకించుకోవచ్చు. సంక్రాంతికి కూర గ్యారంటీ. తోటకూర, గోంగూర, బచ్చలి ఎప్పుడైనా సరే. గోంగూరకి మన నేల బాగా నప్పుతుంది. టమాటా వానాకాలంలో మొండికేస్తుంది, నారు సెప్టెంబరులో పోసి అక్టోబరు చివర నాటండి.

తుపాను హెచ్చరిక రాగానే కాయలన్నీ కోసేయాలి, పందిరిలోంచి గాలి దూసుకుపోయేలా ముదురు ఆకులు తీసేయాలి, మడి కాలవ తెరవాలి. వేళ్ళు ఒకటి రెండు రోజులు నీళ్ళలో మునిగితే ఊపిరాడక చస్తాయి. సముద్రం దగ్గరి ఊళ్ళలో గాలి తగ్గగానే ఆకుల మీది ఉప్పుని మంచినీళ్ళతో కడగాలి. కొత్త చిగుళ్ళు కనిపించేదాకా ఎరువు జోలికి పోవద్దు, దెబ్బతిన్న వేరు దాన్ని తీసుకోలేదు.

పురుగుల సంగతికొస్తే, వేపనూనె అన్నిటికీ పని చేస్తుందనే నమ్మకం తోటలకి చాలా నష్టం చేసింది. అది చిన్న పురుగుల్నీ, రసం పీల్చే పేనుబంక, తెల్లదోమల్నీ కొంత అదుపు చేస్తుంది. లీటరుకి 5 మిల్లీలీటర్లు, ముందు చిటికెడు సబ్బు నీళ్ళలో గిలక్కొట్టి, సాయంత్రం మాత్రమే కొట్టాలి. ఎండలో దాని గుణం తొందరగా పోతుంది. లోపల దూరిన పురుగుని అదేమీ చేయలేదు.

వంగ మొక్క దగ్గర కూర్చుని చూస్తే ఇది అర్థమవుతుంది. మొక్కంతా నిలువుగా ఉంటుంది, ఒక్క కొమ్మ చిగురు మాత్రం మధ్యాహ్నం నీళ్ళు చాలనట్టు వాలిపోతుంది. ఆ వాలిన చోటికి కాస్త కింద కాండం మీద గుండుసూది మొనంత రంధ్రం, దాని నోట్లో గోధుమ రంగు పొడి. అంగుళం కిందకి కోసి చీల్చండి, మెత్తటి బెండులో లేత గులాబీ రంగు పురుగు కదులుతూ ఉంటుంది. ఇక్కడ ఏ ద్రావణమూ చేరదు. వారానికి రెండుసార్లు వాలిన చిగుళ్ళన్నీ తుంచి సబ్బునీళ్ళలో వేయడం, పుచ్చు కాయని మొక్కకి వదలకుండా కోసేయడం, మగ పురుగుల్ని వాసనతో లాగి పట్టే లింగాకర్షక బుట్ట ఒకటి కట్టడం, ఇవే పని చేస్తాయి. ఈ పురుగు రాలిన ఆకుల్లో, పైమట్టిలో ప్యూపాగా మారుతుంది. అంటే నేను ఇంతగా పొగిడిన ఎండుటాకు కప్పు వంగ కింద దానికి ఆశ్రయం అవుతుంది. పుచ్చు ఎక్కువైతే ఆ కప్పుని ఎత్తి వేడి కుప్ప నడుమ వేసి, కొత్తది పరవాలి.

పాదు జాతికి పండు ఈగ శత్రువు. పూత రాలిన రెండు మూడు రోజుల్లోనే పిందెకి పాత న్యూస్‌పేపరు సంచి తొడగడం అన్ని మందులకన్నా మేలు. పిందె కుట్టు లేకుండానే పసుపు తిరిగి రాలిపోతుంటే తప్పు ఈగది కాదు, పరాగసంపర్కం జరగలేదు. ఆనప, బీర సాయంత్రం పూస్తాయి కాబట్టి పొద్దుగూకేటప్పుడు మగపువ్వు తెంపి ఆడపువ్వు మధ్య రాయండి. బెండ ఆకు మీద పసుపు ఈనెలు వల కడితే అది పల్లాకు తెగులు, నయం కాదు. మొక్కని ఆ రోజే పీకి, మిగతావాటి మీది తెల్లదోమకి పసుపు అట్టలు పెట్టాలి.

ఈ ఏడాది ఆకు చేజారినవాళ్ళు వచ్చే ఫాల్గుణం దాకా ఆగక్కర్లేదు. రోహిణి కార్తెలో జనుము, బొబ్బర్లు, పెసలు, మినుములు, గంటెలు (సజ్జలు), చోళ్ళు (రాగులు), నువ్వులు అన్నీ కలిపి మడికి మొత్తం 50 గ్రాముల లెక్కన చల్లి, పల్చగా మట్టి కప్పి తడపండి. నలభై, నలభై ఐదు రోజులకి పూత కనిపించగానే నేలమట్టానికి కోసి, వేళ్ళని లోపలే ఉంచి, కోసిన రొట్టని మడి మీదే పరవండి. పది పన్నెండు రోజులకి అది వడిలి అణుగుతుంది. ఆ రొట్టని చేత్తో పక్కకి జరిపి, గుంటకి రెండు గుప్పిళ్ళ పాత గత్తం వేసి, వంగ నారు అడుగున్నర ఎడంలో నాటుకోవచ్చు.